హైదరాబాద్‌లో మొదటి ఇల్లు: ఏ ఏరియాలో కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తెనాలి. పెళ్ళయ్యాక ఉద్యోగాల కోసం హైదరాబాద్ వచ్చేటప్పటికి ఇక్కడ మాకు ఒక్క చుట్టం కూడా లేరు. మూడేళ్ళు కూకట్‌పల్లిలో అద్దెకు ఉండి, ఆ తర్వాత చందానగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. అప్పటి నుంచి ఊళ్ళోవాళ్ళు, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, మా తోటికోడలి తమ్ముడు, ఇల్లు కొనే ఆలోచన వచ్చిన ప్రతి ఒక్కరూ ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసినంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. హైదరాబాద్‌లో ఏరియా అంటే నా లెక్కలో నీళ్ళు. వాడుకునే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, వాన నీళ్ళు ఎటు పోతాయి, ఈ రెండూ తెలిశాకే మిగతావన్నీ.

సిటీ అసలు తెలియదు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్లాట్ల ఫోటోలతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం మీద మీ ఇద్దరి ఆఫీసులు, పిల్లలుంటే వాళ్ళ స్కూలు, ఊరికి వెళ్ళే రైలో బస్సో ఎక్కే చోటు రాసుకోండి. వాటి మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాదు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎంతసేపు పడుతుందో ఆ లెక్కలో చూడండి. ఈ ఊళ్ళో ఎనిమిది కిలోమీటర్లకి ఒకచోట పావుగంట పడితే ఇంకోచోట గంట పడుతుంది.

మా ఆయన ఆఫీసు గచ్చిబౌలి, నాది బేగంపేట. ఒకళ్ళకి దగ్గర చూస్తే ఇంకొకళ్ళకి దూరం. చందానగర్ నుంచి నాకు ఎంఎంటీఎస్ లోకల్ రైలుంది, నలభై నిమిషాల్లో బేగంపేటలో దిగుతాను, ఆయన లింగంపల్లి మీదుగా యూనివర్సిటీ రోడ్డు పట్టుకుని బండి మీద వెళ్ళిపోతారు. ఎంఎంటీఎస్ మెట్రోలాగా ఐదు నిమిషాలకొకటి రాదు, ఒక రైలు తప్పిపోతే తర్వాతిది ఎప్పుడో చూసుకోవాలి, ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాం. లింగంపల్లిలో తెనాలి వైపు వెళ్ళే రైళ్ళు కూడా దొరుకుతాయి. మీ లెక్క మీకు ఇంకోలా తేలుతుంది, తేలనివ్వండి. ఫలానా ఏరియా మంచిదటగా అని అడిగేవాళ్ళకి నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ ఆఫీసు ఎక్కడ?

అద్దె డబ్బులు వృథా కదా, వచ్చీ రాగానే కొనేస్తే తప్పేంటి?

మా నాన్న కూడా ఇదే అన్నారు. లెక్క వేసి చూపించాక ఊరుకున్నారు. తెలంగాణలో ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది. 80 లక్షల ఫ్లాటుకి అది 6 లక్షలు. ఏరియా నచ్చక రెండేళ్ళకి అమ్ముకుని ఇంకోచోట కొంటే ఆ 6 లక్షలు వెనక్కి రావు, కొత్త ఇంటికి మళ్ళీ అంత కట్టాలి. ఆ డబ్బుతో చాలా ఏరియాల్లో ఏడాదికి పైగానే అద్దెకు ఉండొచ్చు.

కొనాలనుకున్న ఏరియాలోనే 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకు దిగండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడిస్తే ఏ బ్రోకరూ చెప్పని విషయాలు అవే తెలుస్తాయి. మాకైతే కూకట్‌పల్లిలో మూడేళ్ళుండడం వల్లే మాకు ఏది అవసరమో, ఏది లేకపోయినా ఫర్వాలేదో అర్థమైంది.

మనవాళ్ళంతా కూకట్‌పల్లి, మియాపూర్ వైపే ఉంటారు కదా, అక్కడే తీసుకోవాలా?

నిజమే, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా అటే స్థిరపడ్డారు. హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీతో మొదలై నిజాంపేట, ప్రగతి నగర్, బాచుపల్లి దాకా పాకింది. విజయవాడ హైవే మీద వనస్థలిపురం, ఎల్బీ నగర్, హయత్‌నగర్‌లో నల్గొండ, కృష్ణా జిల్లాలవాళ్ళు, వరంగల్ దారిలో ఉప్పల్, బోడుప్పల్ వైపు వరంగల్‌వాళ్ళు బాగా కనిపిస్తారు. ఎవరి ఊరికి వెళ్ళే రోడ్డు పక్కన వాళ్ళు ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది, పండక్కి బయల్దేరేటప్పుడు సిటీ అంతా దాటి వెళ్ళక్కర్లేదు.

తెలిసిన ముఖాల మధ్య ఉండడం చిన్న విషయం కాదు. పిల్లకి అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు కొట్టడానికి పక్కింట్లో ఒక పిన్నిగారు ఉండడం ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఆ పిన్నిగారు ఏ ఏరియాలోనైనా దొరుకుతారు, ఆర్నెల్లు పడుతుంది, అంతే. నాచారంలో ఆఫీసు పెట్టుకుని మనవాళ్ళున్నారని నిజాంపేటలో కొంటే రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి, ఇక ఆ మనవాళ్ళతో కూర్చుని మాట్లాడే తీరిక కూడా ఉండదు.

ఏరియా చూడడానికి ఎప్పుడు వెళ్ళాలి?

బిల్డర్లు, బ్రోకర్లు ఆదివారం పొద్దున రమ్మంటారు. ఆ టైములో ఏ రోడ్డైనా ఖాళీగానే ఉంటుంది. మీరు పనిరోజు పొద్దున ఒకసారి వెళ్ళండి, రాత్రి పదిన్నర దాటాక ఒకసారి వెళ్ళండి, వీధి దీపాలున్నాయో లేదో, ఆ టైములో ఆడవాళ్ళు ఒంటరిగా నడవగలరో లేదో, వైన్ షాపు ముందు జనం ఎక్కడిదాకా నిలబడుతున్నారో అప్పుడే కనిపిస్తుంది. గట్టి వాన పడిన మర్నాడు తప్పకుండా వెళ్ళండి.

నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ మాకు బాగా నచ్చింది. వెలుతురు, వంటగది, ధర, అన్నీ కుదిరాయి. రెండోసారి వెళ్ళినప్పుడు సెల్లార్‌లో బండి పెడుతూ చూస్తే, గోడలకి నడుము ఎత్తు వరకే కొత్త రంగు ఉంది, ఆ పైన పాత రంగే. కరెంటు మీటర్ల బోర్డు మనిషి తల కంటే ఎత్తులో బిగించారు, కింద పాత బోర్డు తాలూకు మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. వాచ్‌మన్ భార్య అక్కడే బట్టలు ఆరేస్తోంది. వానాకాలంలో ఇక్కడ ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. "మొన్నటి వానకి సెల్లార్ మొత్తం నీళ్ళే అక్కా, రెండు రోజులు మోటార్లు పెట్టి తోడినం" అంది. ఆ మనిషి మాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. వాచ్‌మన్‌ని, ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టాయన్ని అడగకుండా ఏ ఇంటికీ డబ్బు కట్టకండి.

ఇది వానకి మునిగే చోటని ముందే ఎలా తెలుస్తుంది?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీళ్ళు కింది చెరువుకి చేరతాయి, అలా చివరికి మూసీలో కలుస్తాయి. మధ్యలో ఆ నీళ్ళు నడిచే దారులే నాలాలు. చెరువుని పూడ్చి, నాలాని ఇరుకు చేసి ఇళ్ళు కట్టినా నీళ్ళకి పాత దారి గుర్తుంటుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేశాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మన కాలంలోనే 2016లో నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగింది, 2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్, మీర్‌పేట, టోలిచౌకి, పాతబస్తీ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. మీరు చూస్తున్న కాలనీ పేరు, ఈ సంవత్సరాలు కలిపి యూట్యూబులో వెతకండి, అప్పటి వార్తల వీడియోలు ఇంకా ఉన్నాయి.

ఊరి పేర్లు కూడా వినండి. నల్లకుంట, ఎర్రకుంట, ఫలానా చెరువు కట్ట, ఇవి ఊరికే పెట్టిన పేర్లు కావు. పేరులో కుంట ఉందని ఆ ఏరియా అంతా మునుగుతుందని కాదు, అక్కడ ఒకప్పుడు నీళ్ళు నిలిచేవి, ఆ నీళ్ళు ఇప్పుడు ఎటు పోతున్నాయని అడగడం మన పని.

తర్వాత కాయితాల మీద చూడాల్సినవి రెండు. ఒకటి ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ హద్దు. రెండోది దాని చుట్టూ వదలాల్సిన బఫర్. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న కుంటలకి 9 మీటర్లు. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వాళ్ళ చెరువుల వెబ్‌సైటులో గ్రామం వారీగా మ్యాపులు ఉన్నాయి, మీ సర్వే నంబరు అందులో పడిందేమో చూసుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ చూస్తే, ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉన్నచోట అప్పట్లో నీళ్ళున్నాయో గడ్డి ఉందో కళ్ళకి కనిపిస్తుంది. ఇది ఒక్క సాయంత్రం పని.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి ప్రభుత్వం పెట్టిన హైడ్రా అనే సంస్థ ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్‌లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టారు. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోనుంది, కరెంటు మీటరుంది అని కాయితాలు పట్టుకుని ఏడ్చిన మనుషుల్ని టీవీలో చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకు లోనిచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అని దయచేసి అనుకోవద్దు.

మంచినీళ్ళ సంగతి ఎలా తెలుసుకోవాలి?

బిల్డర్‌ని అడిగితే బోర్లున్నాయి, మంజీరా కనెక్షన్ (అంటే ప్రభుత్వ నల్లా) ఉంది అంటాడు. రెండూ నిజమే అయ్యుండొచ్చు, అయినా ఏప్రిల్‌లో నీళ్ళు రాకపోవచ్చు. ఇక్కడ కింద అంతా రాయి, బోరు వెయ్యి అడుగులు వేసినా పక్క అపార్ట్‌మెంటువాళ్ళు ఇంకో వంద అడుగులు లోతుకి వెళ్తే మనది ఎండిపోతుంది. సిటీకి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తాయి. కృష్ణా నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి మన సంపులో పడుతున్నాయంటే వాటి విలువ ఎంతో ఆలోచించండి. చాలా ఏరియాల్లో నల్లా రోజు మార్చి రోజే వస్తుంది.

అందుకని అడగాల్సిన ప్రశ్న నీళ్ళున్నాయా అని కాదు. పోయిన ఏప్రిల్, మే నెలల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఆ బిల్లులు ఉంటాయి, చూపించమనండి. పాత ఫ్లాటు కొంటుంటే ఇది సులువు. కొత్త కట్టడమైతే అదే వీధిలో ఐదేళ్ళ నాటి అపార్ట్‌మెంటుకి వెళ్ళి అడగండి. మేము మణికొండలో ఒకచోట చూసినప్పుడు పొద్దున ఆరింటికే వీధి చివర మూడు ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి, మోటారు చప్పుడికి ఎవరూ తలుపు తీసి చూడడం లేదు, అంత అలవాటైపోయింది వాళ్ళకి. మేం ఇంకో ఫ్లాటు చూడకుండానే వచ్చేశాం. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన స్నేహితులున్నారు నాకు.

సిటీకి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలి కనెక్షన్ ఉంటే నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం, అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాటు పేరు నమోదై ఉందో లేదో కనుక్కోండి.

ఫోటోల్లో కనిపించనివి ఇంకేమున్నాయి?

వాసన. జవహర్‌నగర్ డంప్ యార్డ్ చుట్టుపక్కల దమ్మాయిగూడ, నాగారం వైపు గాలి తిరిగినప్పుడు వస్తుంది. జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడల దగ్గర రాత్రిపూట కెమికల్ వాసన గురించి జనం ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. పగలు చూసి వస్తే ఇది తెలియదు. నాలా పక్కన ఇల్లైతే ఎండాకాలం దోమలు, వాసన రెండూ ఉంటాయి.

మెట్రో వస్తుందంటున్నారు, ముందే కొనుక్కుంటే మంచిదేనా?

వచ్చినదానికి డబ్బు పెట్టండి, వస్తుందన్నదానికి పెట్టకండి. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. జేబీఎస్ బస్టాండు నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్ళాల్సిన లైను 2020లో ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆగింది, దాన్ని నమ్ముకుని పాతబస్తీలో ఎదురుచూసినవాళ్ళ పరిస్థితి ఆలోచించండి. మీ పిల్లల స్కూలు వయసు ప్లాన్ల కోసం ఆగదు.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు లాంటి కొత్త ఏరియాలు ఎలా ఉంటాయి?

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి దగ్గర, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయింది, ఆ భూమి ధర చివరికి ఫ్లాటు కొనేవాళ్ళ మీదే పడుతుంది. మొదటి ఇల్లు కొనే మధ్యతరగతి జంట ముందు చూడాల్సింది, ఈ టవర్లన్నీ నిండాక ఆ రోడ్లు ఎలా ఉంటాయన్నది. ఇప్పుడు సగం ఖాళీగా ఉన్నప్పుడే పొద్దున పూట జామ్ అవుతున్నాయి.

గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకి ఆడుకునే చోటు, సెక్యూరిటీ ఉంటాయి, కాదనను. మెయింటెనెన్స్ చదరపు అడుగుకి నాలుగు రూపాయలు అంటే 1,500 అడుగుల ఫ్లాటుకి నెలకి 6,000, లోను తీరిపోయినా అది తీరదు. విడి అపార్ట్‌మెంటులో ఆ ఖర్చు తక్కువ, మీ వాటాకి వచ్చే భూమి, అంటే యూడీఎస్, సాధారణంగా ఎక్కువ. అయితే లిఫ్టు చెడిపోతే బాగు చేయించడానికి పదిళ్ళవాళ్ళు ఒకమాట మీదికి రావాలి. మేం విడి అపార్ట్‌మెంటే తీసుకున్నాం, కూరగాయల బజారుకి నడిచి వెళ్ళాలన్నది మా అత్తగారి కోరిక.

ఏరియా చూసే దశలోనే కాయితాలు అడగాలా?

అడగండి, సిగ్గుపడకండి. ఎనిమిది ఫ్లాట్ల కంటే ఎక్కువున్నా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (ఇళ్ళ ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, నంబరు తీసుకుని తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీరే చూడండి. ప్రీలాంచ్ అని, అంటే అనుమతులు రాకముందే అమ్మకం, ఇప్పుడు మొత్తం కడితే సగం ధరకే అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే కాయితం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. బిల్డర్లు పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టడంలో పది శాతం మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ఓసీ, అంటే కట్టడం పూర్తయి ఉండడానికి యోగ్యమని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు అమ్ముతున్న ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో తప్పక చూడండి. పైన పెంట్‌హౌస్ చవగ్గా ఇస్తామంటే అది ప్లాన్‌లో ఉందా అని అడగండి, చాలాచోట్ల ఉండదు. తర్వాత అన్నీ ఒక లాయర్‌కి చూపించండి, బిల్డర్ పరిచయం చేసిన లాయర్ కాకుండా మీరు వెతుక్కున్న లాయర్‌కి.

బడ్జెట్‌లో ఎంత చేతిలో ఉండాలి?

బ్యాంకు ఫ్లాటు ధర మొత్తానికి లోను ఇవ్వదు. 30 నుంచి 75 లక్షల మధ్య లోనైతే ఇంటి విలువలో 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. అంటే 80 లక్షల ఫ్లాటుకి 16 లక్షలు మీ వాటా, 6 లక్షలు రిజిస్ట్రేషన్, ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అంటే మరో 4 లక్షలు. ఓసీ వచ్చాక అమ్మే ఫ్లాటుకి జీఎస్టీ ఉండదు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం వేరే. బంగారం మీద అప్పు చేసి మరీ పెద్ద ఏరియాకి వెళ్ళకండి, ఆ టెన్షన్ ఇంట్లో ప్రతి మాటలోనూ కనిపిస్తుంది.

పెద్దవాళ్ళు తూర్పు ముఖమే కావాలంటున్నారు, ఏం చేయాలి?

వాళ్ళ మాట తీసేయకండి, వాళ్ళని ఏరియాకి తీసుకెళ్ళండి. మా మామగారు వాస్తు దగ్గర గట్టిగా ఉండేవారు. చందానగర్‌లో వాన వెలిసిన మర్నాడు ఆయన్ని తీసుకెళ్తే, వీధి చివరిదాకా నడిచి, నీళ్ళు ఎటు పల్లానికి పోతున్నాయో చూసి, గుడి దగ్గర అరుగు మీద కూర్చున్న ఒకాయనతో అరగంట మాట్లాడి వచ్చారు. పడమర ముఖమైనా ఫర్వాలేదమ్మా, మెరక మీద ఉంది అన్నారు. వ్యవసాయం చేసిన మనిషికి నేల వాలు మనకంటే బాగా తెలుస్తుంది. వాళ్ళు నడవగలిగే దూరంలో మందుల షాపు, ఆసుపత్రి, గుడి ఉన్నాయో లేదో వాళ్ళతోనే చూపించండి.

అన్నీ నచ్చాయి, ఇవాళే టోకెన్ ఇవ్వమంటున్నారు. ఇవ్వాలా?

ఇంకో పార్టీ రెడీగా ఉంది అనే మాట మాకూ నాలుగుచోట్ల వినిపించింది. మీకు పది రోజులు కావాలని చెప్పండి. ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తం, నగదు కాకుండా చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ ఇచ్చి, లాయర్ కాయితాలు సరిగ్గా లేవంటే డబ్బు తిరిగి ఇస్తామని రసీదు మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి, బాధగానే ఉంటుంది, ఆ నిజాంపేట ఫ్లాటుకి నేనూ వారం బాధపడ్డాను. రసీదులో ఫ్లాటు నంబరు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు), యూడీఎస్ గజాల్లో, మీకిచ్చే కార్ పార్కింగ్ నంబరు విడివిడిగా ఉండాలి. పార్కింగ్ నంబరు చాలామంది మర్చిపోతారు, దాన్ని ఆ రోజే సెల్లార్‌లోకి వెళ్ళి మీ కళ్ళతో చూసుకుని, గోడలు కూడా ఒకసారి కిందిదాకా చూసి రండి.